ఎండకు వీపు, వానకు ముఖం

(మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఒక ఆదివారం సాయంత్రం మా తెలుగు మిత్రుల సమావేశంలో, తెర మీద బొమ్మలు చూపిస్తూ మాట్లాడిన మాటలివి. సావనీరు కోసం కాస్త సరిచేశాను. అన్ని బొమ్మలూ ఇక్కడ వేసే వీలు లేదు కనక అవసరమైన చోట మాటల్లోనే చెప్పాను.)



నన్ను పరిచయం చేసిన మిత్రుడు "ప్రముఖ ఫోటోగ్రాఫర్" అన్నారు. ఆ మాట మా ఆవిడ వినకపోవడం మంచిదయింది. ఆవిడ వెనక గదిలో సమోసాలు వేడి చేయిస్తోంది. నేను పగలంతా కార్ల కంపెనీలకు సాఫ్ట్‌వేర్ రాసుకునే మనిషిని. శని, ఆదివారాల్లో ఆకాశం పాడైతే కెమేరా పట్టుకుని బయటికి పోతాను. మామూలు మనుషులు ఇంట్లోకి పరిగెత్తే సమయంలో నేను ఇంట్లోంచి బయటికి పరిగెడతానన్నమాట. నా ప్రావీణ్యం అంతే.

ఇంకో సంగతి కూడా ముందే ఒప్పేసుకుంటాను. కొండలోయల్లో ఇంద్రధనుస్సుల గురించి మాట్లాడటానికి ట్రాయ్‌ని మించిన పొరపాటు చోటు ఉండదు. ఇక్కడ కొండంటే ఐ-75 మీది ఓవర్‌బ్రిడ్జే. అయినా నా పాఠాలు నేను సగం ఇక్కడే నేర్చుకున్నాను. మిగతా సగం మా అరకులో నేర్చుకున్నాను. మాది శృంగవరపుకోట దగ్గర పల్లెటూరు. అరకు వెళ్ళే ఘాట్ రోడ్డు మా ఊరు దాటాకే మొదలవుతుంది.

ముందు పేరు సంగతి. మేం హరివిల్లు అంటాం, పుస్తకంలో ఇంద్రధనుస్సు అని రాస్తాం. తెలంగాణ మిత్రులు సింగిడి అంటారు. ఆ మాటలో ఒక గలగల ఉంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. ఇది దేవుడి విల్లనే అందరూ అనుకున్నా, ఆరో శతాబ్దంలోనే వరాహమిహిరుడు బృహత్సంహితలో దీనికి ఒక అధ్యాయం ఇచ్చి, మబ్బు పట్టిన ఆకాశంలో సూర్యకిరణాలు గాలికి చెదిరి రంగురంగులుగా విల్లులా కనిపిస్తాయని రాశాడు. గాలి కాదు, నీటిచుక్క. అయినా సూర్యకిరణాల దాకా సరిగ్గానే వచ్చాడు.

ఇక అసలు విషయం. ఫోటో తియ్యాలంటే ముందు ఎటు తిరిగి నిలబడాలో తెలియాలి. ఎండకు వీపు పెట్టాలి, వానకు ముఖం పెట్టాలి. మీ తల నీడ నేల మీద ఎక్కడ పడుతుందో చూసుకోండి. విల్లుకి కేంద్రం అదే. అక్కడి నుంచి చుట్టూ 42 డిగ్రీల దూరంలో విల్లు ఉంటుంది, ఎరుపు బయటి అంచున. ఇంకా అదృష్టం బాగుంటే 51 డిగ్రీల దగ్గర రెండోది, రంగులు తలకిందులుగా. ఈ రెంటి మధ్య ఆకాశం మిగతా చోట్ల కన్నా నల్లగా ఉంటుంది. కొత్తగా తీసేవాళ్ళు ఆ నలుపు చూసి కెమేరా పాడైందనుకుంటారు. దానికి సుమారు పద్ధెనిమిది వందల ఏళ్ళ కిందటి ఒక గ్రీకు పండితుడి పేరు మీద అలెగ్జాండర్ పట్టీ అని పేరు కూడా ఉంది. 42 లెక్కను డెకార్ట్ 1637లో అచ్చేసిన పుస్తకంలో వివరించాడు, రంగులెందుకు విడిపోతాయో తర్వాత న్యూటన్ తేల్చాడు.

కేంద్రం మీ తల నీడ అన్నాను కదా, అంటే ఎవరి విల్లు వాళ్ళదే. పక్కపక్కనే నిలబడ్డ ఇద్దరికి కనబడే రంగులు వేరువేరు చుక్కల నుంచి వస్తాయి. ఇరవై ఏళ్ళ సంసారంలో మా ఆవిడా నేనూ ఒకే దృశ్యం చూడటం లేదని నాకు అనుమానంగానే ఉండేది. ఇప్పుడు శాస్త్రాధారం దొరికింది.

ఈ 42తోనే ఒక చిన్న లెక్క వేసి చూడండి, ఇంజనీర్లు ఎలాగూ చాలామంది ఉన్నారు. సూర్యుడు 42 డిగ్రీల కన్నా పైన ఉంటే విల్లు మొత్తం నేల కిందికి దిగిపోతుంది, కనబడదు. ట్రాయ్‌లో జూన్ నెలలో సాయంత్రం ఐదు దాటితే గాని సూర్యుడు ఆ ఎత్తుకి దిగడు. అదే అక్టోబరు రెండో వారం నుంచి మార్చి మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం కూడా అంతకన్నా కిందే ఉంటాడు. అంటే ఇక్కడ అక్టోబరు, నవంబరు జల్లుల్లో లంచ్ టైములో కూడా ఇంద్రధనుస్సు చూడొచ్చు. అరకులో అది కుదరదు. డిసెంబరు 21న కూడా అక్కడ మధ్యాహ్నం సూర్యుడు 48 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఏడాది మొత్తంలో ఏ ఒక్క రోజూ అక్కడ చదును నేల మీద నిలబడ్డవాడికి మధ్యాహ్నం హరివిల్లు కనబడదు. ఈ లెక్క నేను ఇక్కడ ఆఫీసులో కూర్చుని వేసుకున్నాను. పుట్టి పెరిగిన చోట ఎప్పుడూ గమనించలేదు.

కొండ మీద నిలబడితే మాత్రం సంగతి మారుతుంది. కింద లోయలో వాన పడుతుంటే, నేల కిందికి దిగిపోవాల్సిన భాగం కూడా లోయలో కనబడుతుంది. సగం వలయం కాదు, ముప్పాతిక వలయం దొరుకుతుంది. అందుకే ఫోటోగ్రాఫర్లు కొండలకి పోతారు.

ట్రాయ్‌లో నా ప్రయోగశాల ఆడమ్స్ రోడ్డు మీది భారతీయ టెంపుల్ పార్కింగ్ లాటు. నవ్వకండి. పిల్లల్ని తీసుకురావడానికి వెళ్ళి ఎదురుచూసే సమయం, పెద్ద ఆకాశం, రెండూ అక్కడ దొరుకుతాయి. మన మిషిగన్‌లో గాలివానలు మామూలుగా పడమటి నుంచి తూర్పుకి నడుస్తాయి. సాయంత్రం వాన మన నెత్తి మీదుగా తూర్పుకి వెళ్ళిపోయి, వెనక పడమట మబ్బు విచ్చితే తూర్పున విల్లు. అంటే సాయంత్రం విల్లు కనబడితే వాన వెళ్ళిపోతున్నట్టు. పొద్దున్నే పడమట కనబడితే వాన ఇంకా రాబోతున్నట్టు, గొడుగు తీసుకోండి. మా నాయనమ్మకి ఇంకో లెక్క ఉండేది. చంద్రుడి చుట్టూ వరదగుడి కడితే "దగ్గర గుడి దూరం వాన, దూరం గుడి దగ్గర వాన" అనేది. అది కూడా ఉత్త మాట కాదు. పెద్ద గుడి చాలా ఎత్తున ఉండే పల్చటి మంచు మబ్బుల వల్ల కడుతుంది. ఆ మబ్బులు చాలాసార్లు వానకి ముందు నడుస్తాయి.

లెన్సుల గురించి క్లుప్తంగా చెబుతాను, లేకపోతే ఇక్కడే తెల్లారుతుంది. పూర్తి విల్లు ఈ కొస నుంచి ఆ కొస దాకా 84 డిగ్రీలు. ఫుల్‌ఫ్రేమ్ కెమేరాలో 24 ఎంఎం లెన్సుకి అడ్డంగా పట్టేది 74 డిగ్రీలు. చాలదు. 18 అయితే సరిపోతుంది. మీ ఫోనులో మామూలు కెమేరా చాలదు, అరవంతు అని ఉంటుందే, పాయింట్ ఫైవ్, అది నొక్కండి. పోలరైజర్ ఫిల్టరు ఉంటే మెల్లగా తిప్పి చూడండి. విల్లు కాంతి పోలరైజ్ అయి ఉంటుంది కనక ఒకవైపు తిప్పితే రంగులు చిక్కబడతాయి, ఇంకోవైపు తిప్పితే విల్లు మాయమైపోతుంది. నేను మొదటిసారి ఈ సంగతి తెలియక, ఫిల్టరు మాయం చేసే వైపుకి తిరిగి ఉండగా, "పోయిందిరా" అని కెమేరా సర్దేసి కారెక్కేశాను. మా అబ్బాయి వెనక సీట్లోంచి "నాన్నా, అదిగో ఉందిగా" అన్నాడు.

ఇక అరకు. నేను విశాఖపట్నంలో ఇంజనీరింగు చదివే రోజుల్లో తెల్లవారుతూనే బయల్దేరే కిరండూల్ పాసింజరు ఎక్కేవాళ్ళం. 1960ల్లో బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి పంపడానికి వేసిన లైను అది. సొరంగం చీకటి, ఒక్క క్షణం లోయ, మళ్ళీ చీకటి. స్నేహితుడి దగ్గర అరువు తెచ్చిన ఫిలిం కెమేరాలో 36 బొమ్మలు. సొరంగాల గోడలే ఎక్కువ వచ్చేవి.

అరకు లోయ సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల పైన ఉంటుంది. గాలికొండ వైపు అంతకన్నా ఎత్తు. అక్కడ వాతావరణం ట్రాయ్‌లోలాగా పడమటి నుంచి తూర్పుకి క్రమంగా నడవదు. సముద్రం మీది తడిగాలి కొండలకి తగిలి పైకి లేచి మబ్బవుతుంది. ఈ కొండ మీద వాన, ఆ కొండ మీద ఎండ. ఫోటోకి కావలసింది సరిగ్గా అదే. కాని లోయలో ఒక చిక్కుంది. పడమటి కొండ అడ్డం వచ్చి, పంచాంగంలో రాసిన సూర్యాస్తమయానికి చాలా ముందే ఎండ పోతుంది. మబ్బు అంచుకీ కొండ అంచుకీ మధ్య సందులోంచి సూర్యుడు తొంగిచూసే ఐదు పది నిముషాలే మనవి. అందుకని పొద్దున్నే వెళ్ళి, ఆ సందు ఎక్కడ పడుతుందో చూసుకుని, దానికి ఎదురుగా చోటు వెతుక్కోవాలి. మిగతా రోజంతా వేరుశెనక్కాయలు తింటూ కూర్చోవడమే.

పాడేరు దగ్గర వంజంగి కొండ గురించి మీరందరూ వీడియోల్లో చూసే ఉంటారు. చలికాలం రాత్రుళ్ళు చల్లబడ్డ గాలి కిందికి జారి, లోయంతా పొగమంచు పాలసముద్రంలా నిండుతుంది. అక్కడ అందరూ సూర్యోదయం వైపే చూస్తారు. ఎండ కాస్త ఎక్కాక ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. మీ నీడ మంచు మీద పడితే, దాని చుట్టూ తెల్లటి విల్లు కనబడొచ్చు. మంచు చుక్కలు మరీ చిన్నవి కనక రంగులు ఒకదాని మీద ఒకటి పడి తెలుపైపోతాయి. వెళ్ళేవాళ్ళు మాత్రం దయచేసి మీ ప్లాస్టిక్ సీసాలు మీరే తిరిగి తెచ్చుకోండి. ఆ మాట ఇంతకన్నా మర్యాదగా చెప్పలేను.

పిడుగుల సంగతి మాత్రం నిలబెట్టి చెప్పాలి. మెరుపు కనబడ్డాక ఉరుము వినబడేదాకా లెక్కపెట్టండి. మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. ముప్పై లోపే వినబడితే మీరు పిడుగు అందుకునే దూరంలో ఉన్నట్టే. ట్రైపాడ్ వదిలేసి కారులోకి పదండి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా దిగకండి. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ఒకే రోజు పదమూడు గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. పొలాల్లో పనిచేసుకునేవాళ్ళు చనిపోయారు. వాళ్ళకి ఎక్కి కూర్చోవడానికి కారు లేదు.

ఇక్కడి నుంచి నేను చెప్పేది ఫోటోగ్రఫీయా కాదా నాకే తెలియదు. నిర్వాహకులు క్షమించాలి.

2014 అక్టోబరు 12 ఆదివారం మధ్యాహ్నం హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. మనకిక్కడ శనివారం అర్ధరాత్రి దాటి రెండున్నర. నేను బేస్‌మెంట్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని శాటిలైట్ బొమ్మలు చూస్తున్నాను. తెల్లటి సుడి, మధ్యలో కన్ను. నిజం చెబుతున్నాను, నాకు మొదట కలిగింది భయం కాదు. "ఎంత బాగుంది" అనిపించింది. ఆ బొమ్మని డిస్క్‌లో దాచుకున్నాను కూడా. తర్వాత ఇంటికి ఫోన్ చేశాను. మోగలేదు. రెండో రోజూ మోగలేదు. నాలుగో రోజు రాత్రి నాన్న ఎవరిదో ఫోన్‌లోంచి మాట్లాడి, "పెంకులెగిరిపోనాయి, మేం బాగానే ఉన్నాం" అన్నారు. అరకు వైపు కాఫీ తోటలకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు వేలకొద్దీ కూలిపోయాయి. కాఫీకి నీడ పోతే మళ్ళీ చెట్టు పెరిగేదాకా ఆగాలి. ఆ తుఫాను కన్ను బొమ్మ నా దగ్గర ఇప్పటికీ ఉంది. ఇవాళ చూపించడానికి మాత్రం తేలేదు.

మళ్ళీ నాలుగేళ్ళకి, 2018 డిసెంబరు. సెలవులకి ఇంటికెళ్ళాను. 17వ తేదీన పెథాయ్ తుఫాను తూర్పు గోదావరి తీరం దాటింది. మా వైపు రెండు రోజులు వాన, చలి. 18న మధ్యాహ్నం మబ్బు కాస్త పల్చబడుతోందని గమనించి, కారు మాట్లాడుకుని ఘాట్ ఎక్కేశాను. తుఫాను తోక మీద ఆకాశం ఎలా ఉంటుందో ఫోటోలు తీసేవాళ్ళకి తెలుసు. ఇంట్లో "ఇప్పుడే వస్తా" అన్నాను. మా పొలంలో వరి కోసి, పనలు ఇంకా మళ్ళోనే ఉన్నాయని నాకు తెలుసు. తెలియదని చెప్పను.

సాయంత్రం నాలుగుంపావుకి నైరుతిలో మబ్బు విచ్చింది. సూర్యుడు పధ్నాలుగు డిగ్రీల ఎత్తున ఉండుంటాడు. ఈశాన్యంలో లోయ మీద ఇంకా జల్లు పడుతోంది. విల్లు ఒక కొండ పాదం దగ్గర మొదలై ఇంకో కొండ పాదం దగ్గర దిగింది. పైన రెండోది. కింద ఆ తడికి మెరిసే వలిసె పూల పసుపు. చేతులు వణికాయి. ఏడు నిముషాల్లో నూటపది బొమ్మలు తీశాను.

ఘాట్ దిగుతుంటే ఫోనుకి సిగ్నలొచ్చింది. పద్నాలుగు మిస్డ్ కాల్స్. ఎత్తితే నాన్న. "పనలన్నీ తడిసిపోనాయిరా. నువ్వెక్కడున్నావు?" అన్నారు. డెబ్భై దాటిన మనిషి, కౌలుకి చేసే ఆయనతో కలిసి, నీళ్ళలోంచి పనలెత్తి గట్టు మీద వేస్తున్నారట. నేను "దారిలో ఉన్నాను నాన్నా" అన్నాను. వెళ్ళేసరికి చీకటి పడింది. ఏమీ అనలేదు. "అన్నం తిను" అన్నారు. సగం ధాన్యం రంగు మారింది, కొంత మొలకెత్తింది.

ఇదిగో, తెర మీద ఉన్నది ఆ బొమ్మ. మీలో కొందరు దీన్ని గుర్తుపట్టి ఉంటారు. ఇక్కడ ఒక పోటీలో బహుమతి వచ్చింది, ఒక కాలెండరులో జులై పేజీలో వేశారు. చాలామంది ఇళ్ళల్లో ఫ్రిజ్ మీద ఉండేది.

2019 వేసవిలో అమ్మా నాన్నా ట్రాయ్ వచ్చారు. నాన్నకి ఇక్కడ తోచక, గరాజ్ తలుపు ఎత్తించుకుని, కుర్చీ వేసుకుని వాన చూసేవారు. ఒకరోజు కంప్యూటర్లో పాత బొమ్మలు చూపిస్తుంటే ఈ బొమ్మ అసలుది వచ్చింది. కాలెండరులో వేసింది కాదు, కత్తిరించక ముందుది. నాన్న విల్లుని చూడలేదు. కళ్ళజోడు సర్దుకుని, తెరకి దగ్గరగా వంగి, కింద ఎడమ మూల వేలు పెట్టి, "వీళ్ళెవర్రా?" అన్నారు.

చూపిస్తాను, ఇది పూర్తి బొమ్మ. ఇదిగో ఈ మూల. రేకుల ఇల్లు, ఇంటి ముందు ఆరబోసిన కాఫీ పళ్ళు. ఒక ఆడమనిషి, ఒక మగమనిషి, ఇద్దరూ బరకం చెరోవైపు పట్టుకుని గాలికి లాగుతున్నారు. కాఫీ కోత కాలం అది. పళ్ళు ఆరడానికి చాలా రోజులు ఎండ కావాలి. తడిస్తే బూజు పడుతుంది, రేటు పడిపోతుంది. నేను తీసిన నూటపది బొమ్మల్లో నలభైకి పైగా బొమ్మల్లో వాళ్ళున్నారు. ఒకదాంట్లో ఆవిడ కింద పడింది. తీసేటప్పుడు నాకు కనబడలేదంటే నమ్ముతారా? కనబడ్డారు. కూర్పు చెడుతోందని ఇంటికొచ్చాక కత్తిరించేశాను. నాన్నకి అదే చెప్పాను. "మంచి పనే చేశావు, బొమ్మ నీటుగా ఉంది" అన్నారు. ఆయన వేళాకోళానికి అనలేదు. తర్వాత ఇంకాసేపు ఆ మూలే చూసి, "బరకం చిన్నది" అన్నారు.

2020 సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు పూర్తి బొమ్మని పెద్దగా ప్రింటు వేయించి తీసుకెళ్ళాను. ఊరి పేరు తెలియదు. రోడ్డు మలుపూ, ఇంటి రేకులూ చూసుకుంటూ డ్రైవరూ నేనూ రెండు గంటలు వెతికి పట్టుకున్నాం. ఇద్దరూ ఉన్నారు. బొమ్మ చేతికిస్తే ఆయన చాలాసేపు చూసి, "మా పాత బరకమిది, చినిగిపోనాది" అన్నారు. ఆవిడ, తను పడింది ఇదే రోజని గుర్తు చేసుకుని నవ్వింది. మోకాలికి దెబ్బ తగిలిందట. ఆ ఏడు కాఫీ ఏమైందని అడిగాను. సగం బాగుందట, సగం దళారి తక్కువకి తీసుకున్నాడట. విల్లు గురించి నేనే ఎత్తాను, ఆ రోజు చూశారా అని. "సూసేం బాబూ" అంది ఆవిడ. "బరకం కప్పేసేక సూసేం." అని ఆగి, "పిల్లలకి సూపించేం" అంది.

డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. ఆ సాయంత్రం కింద బజారులో పెద్ద బరకం ఒకటి కొని డ్రైవరు చేత పంపించాను. తీసుకున్నారట. దాంతో ఏదో సరిపోయిందని నేను అనుకోవడం లేదు. మా నాన్నకి కూడా ఒకటి కొన్నాను. "ఇప్పుడెందుకురా, కోత అయిపోయిందిగా" అన్నారు.

అప్పటి నుంచి నేను వాన బొమ్మలు తీయడం మానలేదు. మానతానని మా ఆవిడకి ఆశ ఉంది కాని లేదు. ఒకటి మాత్రం మారింది. అరకు వైపు వెళ్ళేటప్పుడు కోతలెక్కడి దాకా వచ్చాయో ముందు నాన్నకి ఫోన్ చేసి అడుగుతాను. పనలు మళ్ళో ఉంటే ఘాట్ ఎక్కను, మళ్ళోకి దిగుతాను. నాకు పనలెత్తడం సరిగ్గా రాదు, నడుం పట్టేస్తుంది, కౌలు ఆయన నవ్వుతాడు.

బొమ్మలు పన్నెండు ప్రింటు వేసి వెనక గోడకి తగిలించాను. ఆ కాలెండరు బొమ్మ కత్తిరించనిదే పెట్టాను, ఎడమ మూల చూడండి. ప్రశ్నలుంటే సమోసాలు తింటూ మాట్లాడుకుందాం. ఏ లెన్సు, ఏ షట్టరు, ఏ దారి, ఏదైనా అడగండి, చెబుతాను. లెన్సు ఖరీదు మాత్రం మా ఆవిడ పక్కన ఉన్నప్పుడు అడక్కండి.